కప్పు పడని మేడ

అబోవానో,
ఆదివారం, మే 3, 1998

తమ్ముడూ ఎబో,

కన్నతల్లిని ఇంకా ఎన్నాళ్లు ఐసులో పడుకోబెడతావు?

యోగక్షేమాలు అడక్కుండా ముందు ఇది అడిగానని నొచ్చుకుంటావేమో. నొచ్చుకో. ప్రవక్త ఏలీయా రాజు అహాబు ఎదుట నిలబడినప్పుడు పంటలెలా ఉన్నాయని అడగలేదు. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. నా చిన్నదానికి గవదబిళ్లలు తగ్గాయి, మళ్లీ అరుస్తూ తిరుగుతోంది.

అమ్మ జనవరిలో పోయింది. పోయి వారమైన దినాన కుటుంబమంతా కూర్చున్నప్పుడు క్వామెనా మామయ్య, వంశానికి పెద్ద కాబట్టి, ఈస్టరు తరవాతి శనివారం పాతిపెడదామన్నాడు. నువ్వు లేచి నిలబడ్డావు. "నా మేడకి కప్పు పడనీ మామయ్యా. మా అమ్మని నా హాల్లో పడుకోబెట్టి పంపిస్తాను" అన్నావు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఈస్టరు వచ్చి వెళ్లింది. ప్రభువు సమాధి లోంచి లేచాడు. మన అమ్మ ఇంకా సమాధి దాకా కూడా చేరలేదు. పట్నం ఆసుపత్రి మార్చురీలో, ఇనప సొరుగులో ఉంది.

నిన్న పొగ పొయ్యిల దగ్గర చేపలు తిరగేస్తుంటే పక్క పొయ్యి మాన్సా అందరికీ వినపడేలా అడిగింది. "ఏమే ఎకువా, మీ అమ్మ జన్మలో కోల్డ్ స్టోరేజీ చేప ముట్టేది కాదు కదా. ఇప్పుడు తనే కోల్డ్ స్టోరేజీలో చేరిందేమే?" ఆడవాళ్లందరూ నవ్వారు. బుధవారం బుధవారం మందిరంలో ప్రసంగాలతో గొంతు చించుకునే నేను తల వంచుకుని చేపలు తిరగేశాను.

నీకు గుర్తుందా, "ఐసులో పడుకున్న చేపకి ముందు కళ్లు చచ్చిపోతాయి" అనేది అమ్మ. బతుకంతా పొగ పొయ్యి ముందు కూర్చున్న మనిషి. జనవరి పొడిగాలికే రెండు గుడ్డలు కప్పుకుని వణికేది. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, "నన్ను ఆ చల్ల గదిలో ఎక్కువ ఉంచకండే" అంది. నువ్వు అప్పుడు టెమాలో ఉన్నావు, వినలేదు. నేను విన్నాను. విన్న చెవులు నన్ను నిద్రపోనివ్వడం లేదు.

గ్రంథంలో రిస్పా సంగతి తెలుసుగా. గోనెపట్ట పరుచుకుని కొండ మీద కూర్చుంది. కొడుకుల శవాల మీద పగలు పక్షిని వాలనివ్వలేదు, రాత్రి జంతువుని రానివ్వలేదు. చివరికి రాజే సిగ్గుపడి ఎముకలు పాతిపెట్టించాడు. బిడ్డల కోసం ఒక తల్లి అంత చేసింది. ఒక తల్లి కోసం ఇద్దరు బిడ్డలం ఏం చేస్తున్నాం?

తారీఖు రాసి పంపు. డ్రైవర్ అజే చేతికి కాసిని చేపలు ఇచ్చాను. అమ్మ పొయ్యిలో కాల్చినవే.

మాట కరుకైనా నీ మేలు కోరే అక్క,
ఎకువా


టెమా రేవు,
మే 11

అక్కకి,

చేపలు అందాయి. ప్రసంగమూ అందింది. ముళ్లు చేపల్లోనే తక్కువ.

నువ్వు రిస్పాని తెచ్చావు కాబట్టి నేను అబ్రాహామును తెస్తాను. ఉపదేశుల బడికి వెళ్లకుండానే గ్రంథమంతా నోటికి తెచ్చుకున్నదానివి, నువ్వే చెప్పు. శారా పోయినప్పుడు ఆ దేశం వాళ్లు ఏమన్నారు? మా సమాధుల్లో మంచిది చూసుకో, ఊరికే పాతిపెట్టుకో అన్నారు. ఆయన ఒప్పుకున్నాడా? వంగి దణ్ణం పెట్టి, వద్దన్నాడు. నాది అని చెప్పుకునే చోటు సంపాదించాకే భార్యని పడుకోబెట్టాడు. విశ్వాసులకి తండ్రి చేసిన పని నేను చేస్తే తప్పయిందా?

నీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. అమ్మమ్మ పోయేనాటికి నువ్వు మీ ఆయనతో మన్కెసిమ్‌లో ఉన్నావు. మనది ఒంటిగది ఇల్లు, శవాన్ని పెడితే మనిషి నిలబడడానికి చోటు లేదు. ఆర్కా వాళ్ల హాలు అడిగి అమ్మమ్మని అక్కడ పడుకోబెట్టాం. అంతా అయ్యాక ఒకరోజు పంపు దగ్గర ఆ ఇంటావిడ అమ్మతో, "మీ ముసలమ్మ పడుకున్న చోటు ఇంకా కడుగుతూనే ఉన్నాం సుమా" అంది. నవ్వుతూనే అంది. అమ్మ బిందె నింపుకోకుండా ఇంటికొచ్చేసింది. దారి పొడుగునా నా వేలు వదల్లేదు. గుమ్మంలో నిలబడి, "ఎబో, నన్ను మటుకు అరువు గదిలో పడుకోబెట్టకురా" అంది. నాకు నిక్కరు జారిపోయే వయసు. అయినా ఆ రోజు నుంచే ఆ మేడ కట్టడం మొదలెట్టాను అనుకో. ఇటుకలు తరవాత వచ్చాయి, అంతే.

రోజంతా క్రేను మీద కూర్చుని ఎవరెవరి సరుకో ఎత్తి దించుతుంటాను. ఇప్పుడు పెద్ద క్రేనుకి మనిషి కావాలట, ఫోర్మన్ నా పేరు రాసుకున్నాడు. ఈ నెలలో సెలవు అడిగితే ఆ పేరు కొట్టేస్తాడు. ఆ ఉద్యోగం వస్తేనే రేకులు, రేకులొస్తేనే కప్పు, కప్పు పడితేనే అమ్మ. ఇందులో ఏది తీసెయ్యమంటావు?

జూన్ నెలాఖరుకి కప్పు పడుతుంది. మాటిస్తున్నాను. అంతదాకా మాన్సా నోటికి ఓ చేప అడ్డం పెట్టు.

నీ తమ్ముడు,
ఎబో


అబోవానో,
మంగళవారం, మే 19

తమ్ముడూ,

మంగళవారం వేట నిషిద్ధం కదా, పడవలు సముద్రం మీదికి వెళ్లలేదు. పొయ్యిలు చల్లగా ఉన్నాయి. తీరిగ్గా రాస్తున్నాను.

పంపు దగ్గర మాట అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. నీ ఉత్తరం చదివి ఆర్కా వాళ్ల మీద కోపం రావాలి. నాకు అమ్మ మీద వచ్చింది. కూతురికి చెప్పని మాట నిక్కరు జారే కొడుకుతో చెప్పిందని. మధ్యాహ్నం దాకా ఆ కోపంతోనే మొక్కజొన్న పిండి పిసికాను. ఆ పిండితో ఉడికించిన కెంకే ఆ రోజు బాగా కుదిరింది.

కానీ నీ అబ్రాహాముకి నా దగ్గర జవాబుంది. మన ప్రభువుని ఎక్కడ పడుకోబెట్టారు? అరిమతయి యోసేపు తన కోసం తొలిపించుకున్న గుహలో. అరువు సమాధి. పుట్టినప్పుడు పశువుల తొట్టి అరువు, ఊరేగినప్పుడు గాడిదపిల్ల అరువు, పోయినప్పుడు సమాధి అరువు. దేవుడి కొడుకుకి లేని పట్టింపు మనకెందుకు?

నిన్న మామయ్య నీ మేడ చూసి వచ్చాడు. మెట్లెక్కి పైదాకా వెళ్లాడట. "మీ తమ్ముడు మంచి మెట్లు కట్టాడే. ఎక్కితే సరాసరి ఆకాశంలోకే" అన్నాడు. నవ్వొచ్చింది, నాకూ. పై గదుల గోడలు నడుం ఎత్తు దగ్గర ఆగిపోయాయి. హాలు చుట్టూ గోడలున్నాయి, మీద ఏమీ లేదు. మేకలు లోపల పడుకుంటున్నాయి.

రెండు సంగతులు. నవ్వకుండా విను.

ఒకటి. కరెంటు ఇక్కడ రోజు విడిచి రోజు తీసేస్తున్నారు. మార్చురీకీ అంతే. అక్కడి మనిషిని అడిగితే, "పెద్దమ్మగారు ఇంకా ఎన్నాళ్లు ఉంటారు తల్లీ?" అని నన్నే తిరిగి అడిగాడు, హోటల్‌లో గది గురించి అడిగినట్టు.

రెండు. ఊరి పెద్దరాజు చాటింపు వేయించాడు. పండుగకి ముందు మౌనం ఈసారి జూన్ 29 సోమవారం మొదలు. ఆ రోజు నుంచి డప్పు లేదు, ఏడుపు లేదు, శవం ఊళ్లోకి రాకూడదు. పండుగ అయ్యేసరికి సెప్టెంబరు. నీ కప్పు జూన్ నెలాఖరుకి అంటున్నావు. నెలాఖరు శనివారం కావాలి. సోమవారం అయితే అమ్మ ఐసులోనే.

మన మందిరాల సూపరింటెండెంటు అయ్యగారు వచ్చి వెళ్లారు. ఆ సంగతి తరవాత రాస్తాను, చిన్న విషయమే.

నీ అక్క, పిండి చేతులతో,
ఎకువా


టెమా,
జూన్ 4

అక్కా,

రేకులు కొన్నాను. కొత్తవి, గీత పడనివి. నిన్న లారీ ఎక్కించాను, వడ్రంగి బైడూ కూడా అదే లారీలో వస్తున్నాడు. ఎండలో వాటిని చూస్తే కళ్లు మూసుకోవాల్సిందే. రేవులో అందరికీ చూపించాను. "పెళ్లికూతురికి కొన్నావా, మేడకి కొన్నావా?" అని వెక్కిరించారు.

ఇంకో సంగతి కూడా తెలిసింది. మామయ్య మొన్న పని మీద అక్రా వచ్చి, ఇక్కడికీ వచ్చాడు. సెప్టెంబరులో అమ్మ అంత్యక్రియలు పెద్ద మందిరంలో జరిగితే సూపరింటెండెంటు గారు స్వయంగా వస్తారట. ఆయన ముందు మా అక్క పీఠం ఎక్కి ప్రసంగిస్తుందట. ఆ ప్రసంగం నచ్చితే నీకు అన్ని ఊళ్ల మందిరాల్లోనూ ప్రసంగించే అనుమతి ఇస్తారట. నువ్వు సరేనన్నావట.

ఇంతేనా నీ చిన్న విషయం? నన్నేమో తల్లిని ఐసులో పెట్టినవాడని తిట్టావు. నా మేడ గొప్ప కోసం, నీ పీఠం దేవుడి కోసం, అంతేగా? పోనీలే అక్కా, నాకు కోపం లేదు. ఒక రకంగా ఊపిరి పీల్చుకున్నాను. సెప్టెంబరు అయితే ఇద్దరికీ కలిసొస్తుంది. బైడూని తొందరపెట్టను, పని శుభ్రంగా చెయ్యమంటాను.

అమ్మకి రేకుల మీద వాన చప్పుడు ఇష్టం.

ఎబో


అబోవానో,
శుక్రవారం, జూన్ 5

ఎబో,

నీ ఉత్తరం కోసం ఆగలేదు. ఆగలేను.

సోమవారం పోయిన కరెంటు నిన్న వచ్చింది. మార్చురీ జనరేటరు ఇంజను పాడై ఉందట. ఆ సంగతి ఎవరూ కబురు చెయ్యలేదు, పక్కింటి పిల్లకి జ్వరమని ఆసుపత్రికి వెళ్తే గేటు దగ్గర వాసన చెప్పింది.

లోపలికి వెళ్లాను. వద్దన్నారు, వెళ్లాను. చూసింది నీకు రాయను. ఒక్కటి రాస్తాను. అమ్మ చేతులు తెలుసుగా, ఎంత సబ్బుతో తోమినా పొగ వాసన పోయేది కాదు, మనకి అన్నం ముద్ద పెట్టినా ఆ వాసనే. వంగి ఆ చేతుల్ని వాసన చూశాను. లేదు.

లాజరు సమాధి దగ్గర అతని తోబుట్టువు మార్త ఏమంది? నాలుగు రోజులైంది ప్రభువా, వాసన కొడుతుంది అంది. ప్రభువు ఆమెని కోప్పడలేదు. చనిపోయినవాళ్లు పాడవుతారు, అది నిజం, ఆయనకి తెలుసు. ఆ నిజాన్ని ఆపే పని ఆయన తన చేతిలో పెట్టుకున్నాడు. మన చేతికి ఇవ్వలేదు. మన చేతికి ఇచ్చిందల్లా గొయ్యి తవ్వే పని. అదీ మనం చెయ్యడం లేదు.

కప్పు మాట ఎత్తకు. తారీఖు చెప్పు.

ఎకువా


టెమా,
జూన్ 12

అక్కా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటిపోయినట్టున్నాయి. నేను రేకుల మెరుపు గురించి రాస్తున్న రోజున నువ్వు…

నీ ఉత్తరం క్రేను మీదికి తీసుకెళ్లాను. అక్కడే చదివాను. చదివాక చేతులు కదల్లేదు. ఇనప పెట్టె ఒకటి గాల్లో వేలాడుతోంది, ఓడలో వాళ్లు కింద నుంచి అరుస్తున్నారు, దించలేకపోయాను. ఎంతసేపో తెలీదు. ఇంకొకడు ఎక్కివచ్చి నన్ను పక్కకి తోసి దించాడు. ఫోర్మన్ తిట్టలేదు. పెద్ద క్రేను కాగితంలో నా పేరు మాత్రం కొట్టేశాడు.

నన్ను బండరాయి అనుకుంటున్నావు. చెబుతా విను, ఇది ఎవరికీ చెప్పలేదు. నేనింకా ఏడవలేదు. వారం దినాన అందరూ ఏడుస్తుంటే గోడల కొలతలు గుర్తుచేసుకుంటూ కూర్చున్నాను. కప్పు పడితే అమ్మని తేవాలి. తెచ్చి పడుకోబెడితే ఇంక పోయినట్టే. ఇటుక మీద ఇటుక పెట్టినన్నాళ్లూ ఆవిడ కోసం ఏదో చేస్తున్నట్టే ఉంటుంది. ఆ పని కూడా లాక్కుంటే నా దగ్గరేముంది?

ఇక్కడ ఇంజను ఆగని మార్చురీ ఒకటుంది. అమ్మని ఇక్కడికి మార్పిస్తాను. బైడూ ఇరవయ్యో తారీఖుకి దూలాలూ రేకులూ ఎక్కించేస్తానని కబురు పంపాడు. తక్కినవన్నీ సెప్టెంబరులో చూద్దాం. నీ సెప్టెంబరే.

అంతదాకా ఆమెని కదపొద్దు. కప్పు లేకుండా, అరువు గదిలోంచి మా అమ్మని పంపిస్తే నేను రాను. ముందే చెబుతున్నాను. రాను.

ఎబో


అబోవానో,
శుక్రవారం పొద్దున్న, జూన్ 26

తమ్ముడూ, నాయనా ఎబో,

బైడూ మాట నిలబెట్టుకున్నాడు. శనివారం సాయంత్రానికి హాలు మీద రేకులన్నీ పరిచాడు. ఊరంతా వచ్చి చూసింది. ఎండకి నిజంగానే కళ్లు మూసుకోవాల్సి వచ్చింది.

ఆదివారం నేను మందిరంలో ఉండగా గాలివాన వచ్చింది. బయటికి వచ్చి చూసేసరికి దూలాలు విరిగి ఉన్నాయి. రేకులు కొన్ని కొబ్బరిచెట్ల మీద, కొన్ని సముద్రంలో. ఒకటి మామయ్య కర్రపెండలం తోటలో దిగబడింది. "మీ తమ్ముడు నాకు పంపిన మొదటి కానుక" అన్నాడు మామయ్య. అని, ఆ రేకు పక్కనే కూలబడి ఏడ్చాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. బైడూ అన్నం తినడం లేదు. మేకులు తక్కువ కొట్టలేదని అడిగినవాడికల్లా చెబుతున్నాడు. నిజమే, కొట్టాడు. నేను చూశాను.

ఎబో, ప్రతి గాలికీ ప్రతి వానకీ నేను పీఠం మీద నుంచి కారణం చెప్పేదాన్ని. ఫలానా పాపం, ఫలానా గర్వం అని వేలు చూపించి చెప్పేదాన్ని. యోబు బిడ్డల ఇల్లు కూడా గాలికే కూలింది. కారణాలు చెప్పిన స్నేహితుల మీదే దేవుడికి కోపం వచ్చింది. అందుకని ఈ గాలికి నేను కారణం చెప్పను. అది నీ గొప్ప కోసం రాలేదు, నా ఆశ కోసం రాలేదు. వచ్చింది. అంతే.

నా ఆశ అంటే గుర్తొచ్చింది. అయ్యగారు సెప్టెంబరు మాట అన్నప్పుడు, ఆలోచించి చెబుతానన్నాను. ఆ ముక్క నీ దగ్గరికి చేరేసరికి "సరే" అయింది. కానీ వెంటనే వద్దని చెప్పలేదు, అదీ నిజమే. బుధవారం వెళ్లి వద్దని చెప్పాను. పెద్ద మందిరం వద్దు, పీఠం వద్దు. రేపు మన ఉపదేశి రెండు మాటలు చదువుతాడు. నేను నోరు తెరవను. అమ్మ చేతుల పక్కన కూర్చుంటాను.

ఇంక టెమా మార్చురీ మాట. అమ్మ అంత దూరం ప్రయాణం చేసే స్థితిలో లేదు. ఇంతకంటే అడక్కు.

రేపు ఎక్కడ నుంచి పంపిస్తామో విను. ఆర్కా వాళ్లు మర్యాదగా కబురు పెట్టారు, హాలు ఇస్తామని. వద్దన్నాను. నీ హాలు శుభ్రం చేశాను. మేకల్ని తోలి, విరిగిన దూలాలు తీయించి, నేల నీళ్లతో కడిగి ఆరబెట్టాను. నాలుగు గోడలున్నాయి, గుమ్మం ఉంది. అది మనది. పైన కప్పు లేదు, కాబట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండ పడుతుంది. అమ్మకి చలి వెయ్యదు. నీకు చెప్పిన మాటా, నాకు చెప్పిన మాటా రెండూ ఆ గోడల మధ్య సరిపోయాయి. సరిపెట్టింది నువ్వూ కాదు, నేనూ కాదు. చేతులతో కట్టని ఇల్లొకటి పైన ఉందని ఇన్నాళ్లూ ఊరికి చెప్పాను. నిన్న ఆ నేల మీద నిలబడి తలెత్తి చూశాను. నమ్మానో లేదో తెలీదు. చాలాసేపు చూశాను.

పొగ పొయ్యిలన్నీ హాలు గోడల చుట్టూ చేరుస్తున్నాం. ఈ సాయంత్రం అమ్మ వచ్చేసరికి వెలిగిస్తాం, రేపు తీసుకెళ్లేదాకా ఆరనివ్వం. మొదటి కట్టెల మోపు ఎవరు తెచ్చారనుకున్నావు? మాన్సా. దించింది, గుడ్డ చెంగుతో ముఖం తుడుచుకుని వెళ్లిపోయింది.

పెట్టె మూసే ఉంటుంది. ముఖం ఎవరికీ చూపించం. నువ్వు వచ్చి తెరవమని పట్టుబట్టకు. మూసేముందు చేతులు మటుకు నేను కడుగుతాను, మార్చురీవాళ్లని ఒప్పించాను.

రానన్నావు. ఆ మాట నేను మామయ్యకి చదివి వినిపించలేదు. పెట్టె మోసేవాళ్లని పిలిచినప్పుడు తల వైపు ఒక మూల ఖాళీగా ఉంచమన్నాను. "ఎవరికే?" అన్నాడు. ఉంచు మామయ్యా అన్నాను. ఇన్నేళ్లూ ఎవరెవరి సరుకో ఎత్తి దించావు కదా తమ్ముడూ. ఈ ఒక్కటీ నీది. దీన్ని గాల్లో వదిలెయ్యకు, నెమ్మదిగా నేల మీదికి దించు. దించాక ఏడువు. నేనుంటాను.

సోమవారం నుంచి ఊరు నోరు మూసుకుంటుంది. ఏడవాలన్నా రేపే, పాతిపెట్టాలన్నా రేపే. కాబట్టి బయలుదేరవలసింది ఈ రోజు. ఈ ఉత్తరం నీకు అందించింది అజే. వాడి బండి రేవు గేటు ముందు ఆగి ఉంది, ఇంజను ఆపొద్దని చెప్పాను. చావుకి కట్టుకునే నీ నల్లగుడ్డ ముందు సీటు మీద మడిచి పెట్టాను. ఫోర్మన్‌ని సెలవు అడగకు, సంచి సర్దుకోకు, జవాబు రాయకు.

అక్క,
ఎకువా

ఇది కూడా క్రేను మీదికి తీసుకెళ్లి చదువుతుంటావు. చదివింది చాలు. దిగు. ఇప్పుడే దిగి బండెక్కు.